పావు చుట్టు

పదమూడు, పద్నాలుగు, పదిహేను. వ్యాను కింద వెల్లకిలా పడుకుని యాత్ సెంగ్ పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. చక్రాన్ని స్టీరింగుకి కలిపే కడ్డీ కొస, టై రాడ్ ఎండ్, ఎడమ వైపు ఎన్ని చుట్లకు ఊడివస్తే, కొత్త ర్యాకుకు, అంటే స్టీరింగు తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ళకడ్డీకి, మళ్ళీ అన్ని చుట్లే ఎక్కించాలి, ఒక చుట్టు అటూ ఇటూ అయినా చక్రం మెల్లకన్నేసి చూస్తుంది, మనం ఒకచోటికి పొమ్మంటే బండి ఇంకోచోటికి పోతుంది. పదిహేనేళ్ళ వయసులో చిన్నాన్న దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది. ఇప్పుడు అరవై ఏడు. యాభై రెండేళ్ళుగా ఇలా పెదాలు కదుపుతూనే లెక్కపెడుతున్నాడు, లోపల్లోపల లెక్కపెడితే మనసు చెప్పాపెట్టకుండా పక్కసందులోకి తిరుగుతుందని భయం. ఇవాళ పెదాలు కదుపుతున్నా అది తిరుగుతూనే ఉంది. పదహారు. బండి అడుగునుంచి చూస్తే దుకాణం ముందు వరండా, ఆ వరండాలో కుర్చీ, కుర్చీ ముందు ఈ బడి వ్యాను నడిపే జవియా పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి, గోధుమరంగు మేజోళ్ళు, మడమ దగ్గర అరిగిన నల్ల చెప్పులు. నాలుగేళ్ళుగా ఆ పాదాలనే ఎక్కువ చూశాడు, మొహాన్ని తక్కువ. పదిహేడు. పన్నెండు గంటలకు ఆమె బడికి వెళ్ళి పిల్లల్ని ఎక్కించుకోవాలి, ఉపవాసాల నెల కాబట్టి బడి తొందరగా వదిలేస్తారు. ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఈ గంటలో ర్యాకు బిగించడం పెద్ద పనేం కాదు, కళ్ళు మూసుకుని బిగిస్తాడు. ఈ గంటలో ఆమెకు ఒక మాట చెప్పాలి, అదే పెద్ద పని. ఇరవై రెండున్నర. ఊడి వచ్చింది. మరిచిపోకుండా నేల మీద సుద్దముక్కతో రాసుకున్నాడు.

"తౌకే, ఏంటి చప్పుడు లేదు? నిద్రపోయారా?" అంది బయటినుంచి జవియా.

"లెక్కపెడుతున్నా కాక్," అన్నాడు. కాక్ అంటే అక్క. వయసులో ఆమె పదేళ్ళు చిన్నదైనా, చైనావాడు మలయ్ ఆడమనిషిని తైపింగ్‌లో అలాగే పిలవాలి, ఆమె అతన్ని తౌకే, షావుకారూ అని పిలిచినట్టే.

"లెక్కపెట్టండి, లెక్కపెట్టండి. నేను మీ చెప్పులతో మాట్లాడుకుంటాలెండి. నాలుగేళ్ళనుంచి నా కష్టాలు విని విని వాటికీ బట్టీ వచ్చేసుంటాయి."

నిజమే, ఆమెకు కనిపించేవీ తన చెప్పులే. మనిషి ఛాతీదాకా బండి కింద, మోకాళ్ళు బయట, ఆమె మాటలన్నీ ఆ మోకాళ్ళకీ నీలం రబ్బరు చెప్పులకీ. ఇలా ఒకరి పాదాలతో ఒకరు మాట్లాడుకోవడమే హాయి అనిపించేది అతనికి. మొహంలో మొహం పెట్టి మాట్లాడాల్సి వస్తే తను నాలుగేళ్ళు మాట్లాడగలిగేవాడే కాదు, నాలుగు రోజులకే నోరు పడిపోయేది. అక్క కామ్ లాన్ ఎప్పుడూ అనేది, వీడికి స్పానరు పట్టుకుంటేనే నోరు తెరుచుకుంటుంది, అందుకే పెళ్ళిచూపుల్లో మూగోడనుకున్నారు అని. మూడు సంబంధాలు అలాగే పోయాయి. మూడోది తైపింగ్ సరస్సు పక్క టీ దుకాణంలో, ఆ పిల్ల నవ్వుతూ ఏదో అడిగింది, ఏమడిగిందో ఇప్పటికీ గుర్తులేదు, తను బల్ల కాలు వదులైందని వంగి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఈడు దాటిపోయింది, ఎప్పుడు దాటిందో ఎవరూ కబురు పెట్టలేదు. అక్కా పెళ్ళి చేసుకోలేదు. కింద దుకాణం, పైన ఇల్లు, పైనుంచి అక్క గొంతు, అన్నం అయిందిరా, చేతులు కడుక్కోరా, సబ్బుతో కడుక్కోరా, వినిపిస్తోందా చెవిటోడా. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ గొంతు మెట్ల మీదుగా దిగివచ్చింది. అది ఆగిన రోజు ఏడవలేదు. ఆగిన నెలకి, ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ, ఎవరూ పిలవకుండానే కడుక్కుంటున్నానని తెలిసి కుళాయి కట్టేసి అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు కుడి వైపు. చక్రం ఇరుసు దగ్గర ఒకే ఒక్క సుత్తిదెబ్బ, పట్టు వదిలింది. ఈ వైపు ఇరవై రెండు చుట్లే. రాసుకున్నాడు. పైన లోపల స్టీరింగు కదలకుండా తాడుతో సీటుకి కట్టేసి ఉంది, తాడు తనే కట్టాడు, అయినా ఇంకోసారి లేచి చూసి వచ్చాడు, ఆ చూసే వంకన ఆమె ముందునుంచి నడిచాడు, చెబుదామని నోరు తెరిచాడు, "ఎండ తగుల్తోందా, కుర్చీ జరపనా?" అన్నాడు. తేలు కుట్టిన దొంగ గతి.

"వద్దు తౌకే, అందరికీ కనబడేలా కూర్చోవాలి కదా," అని నవ్వింది ఆమె.

అదీ నిజమే. ఆమె కుర్చీ ఎప్పుడూ వరండాలోనే, ఇనప షట్టరు గీత దాటి లోపలికి ఒక్క అడుగూ వేయదు. భర్త పోయిన మలయ్ మనిషి, ఒంటిగా ఉండే చైనావాడి దుకాణం, వీధికి రెండు వైపులా కళ్ళు. బండి పని ఉంది కాబట్టి కూర్చుంది, పని లేకపోతే ఎందుకు కూర్చున్నట్టు? ఆ ప్రశ్న వీధి అడక్కముందే తను వేసుకున్నాడు, జవాబూ తనే తయారు చేసుకున్నాడు, ఆ జవాబు ఇదిగో ఇప్పుడు తన మొహానికి జానెడు ఎత్తున నల్లగా గ్రీజు కారుతూ వేలాడుతోంది.

మొదటిసారి ఆమె వచ్చింది అక్క పోయిన ఆరో నెలలో. పసుపురంగు బడి వ్యాను, అద్దం మీద చిన్నపిల్లలు అంటించిన నక్షత్రాలు. స్టీరింగులో కొంచెం ప్లే ఉంది తౌకే, అటూ ఇటూ తిప్పుతుంటే ముందు కొంచెంసేపు పట్టించుకోదు, తర్వాత ఉలిక్కిపడి తిరుగుతుంది, మా ఆయన లాగే, అంది. అంతలోనే, పోయారులెండి, ఇప్పుడేమన్నా పడతారు, అని నవ్వింది. అతనూ నవ్వాడు, దుకాణంలో ఆరు నెలల తర్వాత ఎవరో నవ్వారు, అది తనేనని తెలియడానికి క్షణం పట్టింది. కిందికి దూరి చూశాడు. ర్యాకు మధ్యలో కొద్దిగా అరిగింది. అడుగున ఒక నట్టు ఉంటుంది, దాన్ని బిగిస్తే పళ్ళకడ్డీ పైనున్న చిన్న చక్రానికి గట్టిగా ఆనుతుంది, వదులు కనిపించకుండా పోతుంది. పావు చుట్టు బిగించాడు. అప్పటికి అది తప్పు కాదు, ఎవరైనా చేసేదే. ఎంతివ్వమంటారు అంటే, పావు చుట్టుకి ఏం తీసుకుంటాం, నెల తర్వాత ఒకసారి చూపించండి అన్నాడు. ఎందుకన్నాడో. నోటికి అలవాటైన మాట, ప్రతివాళ్ళకీ చెప్పేదే, ఎవరూ రారు. ఆమె వచ్చింది. నెల తిరిగి సరిగ్గా అదే వారం, పిల్లల్ని బడి దగ్గర దింపేసి, పొట్లంలో వేడి అరటిపండు బజ్జీలు పట్టుకుని.

ఆ రెండోసారి నట్టు ముట్టుకోవాల్సిన పనే లేదు. అయినా కిందికి దూరాడు. దూరి స్పానరుతో ఇనుము మీద టక్ టక్ అని రెండు మూడుసార్లు కొట్టి, ఆమె మాట్లాడుతుంటే వింటూ పడుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది, అరవై మూడేళ్ళ మనిషి బండి కింద దొంగనిద్ర పోయినట్టు దొంగపని చేస్తూ. ఆమె పిల్లల గురించి చెప్పేది. ముందు సీట్లో కూర్చునే వఫా, ఊడిన పళ్ళన్నీ అగ్గిపెట్టెలో దాచుకుని తిరిగే పిల్ల. సోమవారం సోమవారం వాంతి చేసుకునే హైకల్, ఆదివారం అమ్మమ్మ కుక్కి కుక్కి తినిపిస్తుందట. తమిళులబ్బాయి ముగిలన్, అందరికంటే ముందు ఎక్కి అందరికంటే చివర దిగుతాడు, దారంతా ఆమెకు ఎక్కాలు అప్పజెబుతాడు. మొత్తం పదకొండు మంది. ఎవరు ఏ సీటో, ఎవరికి ఎవరితో పడదో అతనికి తెలుసు. ఒక్కడి మొహమూ తెలియదు. రాత్రి ఒక్కడే గిన్నెలో అన్నం పెట్టుకుని ఇవాళ హైకల్ ఏం తిన్నాడో అనుకునేవాడు, పైకి అనుకునేవాడు, అక్క కుర్చీ వైపు తిరిగి.

మొదటి మూడు నెలలూ ఆమె తన నీళ్ళ సీసా తనే తెచ్చుకుంది. అతని గిన్నెలో పంది ఎముకల పులుసు కాస్తాడని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని అతనికి తెలుసు. నాలుగో నెలలో ఆమె చూస్తుండగానే ఎదురుగా ఉన్న మామక్ దుకాణం, తమిళ ముస్లిముల హోటలు, దాని పక్కన కొత్త కెటిలు, మూతున్న గాజు కప్పు, చెంచా కొన్నాడు, ఆమె ముందే పెట్టె విప్పాడు, వేరే అలమరలో పెట్టాడు, అందులో ఇంకేదీ పెట్టలేదు. కాసేపు చూసింది. ఒక చెంచా పంచదార చాలు తౌకే అంది. ఆ సాయంత్రం అతను ఆ కప్పును మూడుసార్లు కడిగాడు. ఇప్పుడు ఉపవాసాల నెల, కప్పు అలమరలోనే ఉంది, ఆమె తెల్లారింది మొదలు ఉమ్మి కూడా మింగదు, ఆమె ముందు తాగడం బాగుండదని అతనూ పొద్దుటినుంచి కాఫీ తాగలేదు. నోరు ఎండిపోతోంది. ఎండింది కాఫీ లేకేనా అని తననే అడిగాడు.

బ్రాకెట్టు బోల్టులు నాలుగు. మూడు మామూలుగా వచ్చాయి, నాలుగోది తుప్పు పట్టి మొరాయించింది, నూనె వేసి ఆగాడు. ఆగితే మళ్ళీ చిన్నాన్న గొంతు. ఒరేయ్ గాడిదా, ఇటు రా, చూడు, జనం రోజంతా తిన్నగానే పోతారు కాబట్టి ర్యాకు మధ్యలోనే అరుగుతుంది, చివర్ల పళ్ళు కొత్త పెళ్ళికూతురి పళ్ళలా ఉంటాయి, మధ్యలో వదులుందని నట్టు బిగించావనుకో, తిన్నగా పోయేటప్పుడు బాగుంటుంది, మెచ్చుకుంటారు కూడా, మలుపులో మాత్రం ఆ కొత్త పళ్ళ దగ్గర పట్టేస్తుంది, తిరిగింది తిరిగినట్టే ఉండిపోతుంది, తిన్నబడదు. అరిగిన ర్యాకుని మార్చాలి, బిగించకూడదు, బిగించేవాడు రోగం తగ్గించడు, రోగిని మభ్యపెడతాడు. ఈ మాట చెప్పి నెత్తి మీద ఒక్కటి మొట్టాడు, గుర్తుండాలని. గుర్తుంది. యాభై రెండేళ్ళలో ఎంతమందికి చెప్పాడో, కొత్త ర్యాకు వేయించుకోండి, బిగించను అని, ఎంతమంది విసుక్కుని వెళ్ళిపోయారో. తైపింగ్‌లో యాత్ సెంగ్ మొండోడు, బేరమాడనివ్వడు, కానీ చెయ్యి మంచిది అనే పేరు. ఆ చెయ్యే.

నాలుగేళ్ళలో నిజంగా బిగించింది ఐదుసార్లు. రెండో ఏడు ముగిసేసరికే తెలుసు, మార్చాలి. వచ్చే నెల చెబుదాం అనుకున్నాడు. మార్చేస్తే ఏమవుతుందో కూడా తెలుసు, ఏమీ కాదు, పదేళ్ళదాకా ఏమీ కాదు, స్టీరింగు వెన్నలా తిరుగుతుంది, ఆమె థాంక్స్ తౌకే అని వెళ్ళిపోతుంది, ఇంజిన్ ఆయిలుకి ఎక్కడికైనా వెళ్తుంది, వాళ్ళ పేటలోనే రెండు షెడ్లున్నాయి. తర్వాత నెలలో ఆ వారం వస్తుంది, ఆ రోజు వస్తుంది, కుర్చీ వరండాలో ఖాళీగా ఉంటుంది. అందుకని వచ్చే నెల అనుకున్నాడు. మనిషి తనకు తాను ఎన్ని చెప్పుకోడు, ఆమె నెమ్మదిగా నడుపుతుంది, ఊళ్ళోనే కదా, గట్టు దిగే దారిలో ఒక్కటే మలుపు కదా. ఆ ఒక్క మలుపు అతనికి తెలుసు. పాత చైనా శ్మశానం కింద, పక్కనే నిలువు లోతు వాన కాలువ. ఆ శ్మశానంలోనే అక్క ఉంది.

పోయిన గురువారం నెల కాకముందే వచ్చింది ఆమె. బండి దిగుతూనే నవ్వుతోంది, ఒక చేతిని మాత్రం ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది. మలుపులో స్టీరింగు తిప్పాను తౌకే, తిరిగింది, మళ్ళీ తిన్నగా రాలేదు, లాగాను, రాలేదు, చక్రం గడ్డిలోకి దిగిపోయింది, బ్రేకు మీద నిలబడ్డాను, ఆగింది, కాలువకి ఇంత దూరం అని అరచెయ్యి చాపి చూపించింది. పిల్లలు నవ్వారు, ఇంకోసారి ఇంకోసారి అన్నారు, ముగిలన్ ఒక్కడే నవ్వలేదు, వాడు కిటికీ పక్కన కూర్చుంటాడు కదా, కాలువ కనిపించింది. చెబుతూ చెబుతూ ఆమె తన చేతుల్ని తిప్పి చూసుకుంది. బండిదేం లేదు తౌకే, మీరు నెలనెలా చూస్తున్నారుగా, నా చేతుల్లోనే పట్టు పోయింది. ముసలిదాన్నయ్యాను. పండగ వెళ్ళాక వ్యాను అమ్మేద్దామంటున్నాడు అల్లుడు, మనవడిని చూసుకుంటూ ఇంట్లో ఉండమంటున్నాడు. ఉండాల్సిందేనేమో. అప్పుడు చెప్పాల్సింది. ర్యాకు మారుద్దాం కాక్, కాస్త అరిగింది అన్నాడు. కాస్త అరిగింది! కొత్తది తెప్పించేదాకా నట్టు వదులు చేసి, గట్టు దారిన పోవద్దన్నాడు. ఈ ఐదు రాత్రులూ నిద్ర లేదు. కళ్ళు మూస్తే తనెప్పుడూ చూడని పదకొండు మొహాలు.

బోల్టు వదిలింది. పక్కకు వాల్చి లాగితే ర్యాకు బరువుగా, నూనె వాసనతో గుండె మీదికి దిగింది. కొంచెంసేపు దాన్ని అలాగే పట్టుకుని పడుకున్నాడు. తర్వాత రబ్బరు తొడుగు వెనక్కి లాగి కడ్డీని వేలితో తడిమాడు, మధ్యలో పళ్ళు నున్నగా, చివర్లో పదునుగా, చిన్నాన్న చెప్పింది చెప్పినట్టు. అడుగున నట్టు, నట్టు మీద స్పానరు పట్టిన గీతలు. ఎవరూ చూడరు వీటిని. పాత సామాన్ల కుప్పలో పడేస్తే సాయంత్రానికి తుక్కువాడు పట్టుకుపోతాడు. ఈ మధ్యే అరిగింది కాక్, మీ చేతుల తప్పు కాదు, ర్యాకుదే అంటే సరిపోతుంది, ఆమె నమ్ముతుంది, వ్యాను అమ్మదు, పైగా తౌకే ప్రాణాలు కాపాడాడని ఊరంతా చెబుతుంది. అబద్ధం ఎంత చక్కగా అమరుతుందో కొత్త బోల్టులా! కాపాడినవాడు. కంచే చేను మేసి, మిగిలిన చేనుకి దడి కట్టాను చూడండి అన్నట్టు.

"అయిపోవచ్చిందా తౌకే?"

"పాతది ఊడింది. కొత్తది ఎక్కించాలి."

"నిన్న వఫా అడిగింది, వ్యానుకి జబ్బా అని. లేదే, పళ్ళూడాయి, కొత్త పళ్ళు కట్టిస్తున్నా అన్నాను. ఊడిన పళ్ళు తెచ్చిమ్మంది, అగ్గిపెట్టెలో పట్టవే అన్నాను." ఆమె నవ్వింది. అతను బండి కింద కళ్ళు మూసుకున్నాడు.

కొత్త ర్యాకు పెట్టెలోంచి తీసి, ఒక చివరనుంచి ఇంకో చివరకు ఎన్ని తిప్పులో చూసి, అందులో సగం వెనక్కి తిప్పి నడిమధ్యకు తెచ్చాడు. పైన కడ్డీకి తెల్లరంగుతో పెట్టుకున్న గుర్తు దగ్గర దాన్ని దూర్చాడు. బ్రాకెట్లు. బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, ఒకేసారి బిగించకుండా. చేతులు వాటంతటవే చేస్తున్నాయి, వాటికి సిగ్గులేదు. ఎడమ వైపు టై రాడ్ ఎండ్. ఒకటి, రెండు, మూడు. ఇరవై రెండున్నర. పదిహేను దగ్గర ఆ ఆలోచన వచ్చింది, మెల్లిగా, పిల్లి వచ్చినట్టు. ఇరవై ఒకటిన్నర దగ్గర ఆపేస్తే? ప్రమాదమేం లేదు. బండి కాస్త పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపు అరుగుతుంది, స్టీరింగు వేలెడంత వంకరగా నిలబడుతుంది. రెండు వారాలకి ఆమె వస్తుంది, తౌకే కొంచెం లాగుతోంది అంటుంది. ఒక్క చుట్టు. పద్దెనిమిది. ఉపవాసాలు అయిపోతాయి, పండగ బిస్కెట్లు తెస్తుంది, కప్పు దింపొచ్చు. పందొమ్మిది, ఇరవై. వఫాకి కొత్త పన్ను వస్తుంది, ఆ కబురు ఎవరు చెబుతారు తనకి? ఇరవై ఒకటి. చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు, బయట ఎవరిదో మోటారుసైకిలు వచ్చి వెళ్ళింది, ఆమె పాదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగాయి. సిగ్గేసింది. అరవై ఏడేళ్ళకి, వ్యాను కింద, నూనెలో, చిన్నపిల్లాడు పంచదార దొంగిలించబోయి ఆగినట్టు ఆగాడు. ఇరవై రెండు. ఇరవై రెండున్నర. నట్టు బిగించాడు. కుడి వైపు ఇరవై రెండు, ఒక్క ఊపిరిలో, పైకే, గట్టిగా లెక్కపెట్టాడు, వీధిలోకి వినిపించేంత గట్టిగా.

జాకీ దించాడు. లోపల తాడు విప్పాడు. స్టీరింగు ఒక చివరకు తిప్పి, మళ్ళీ ఇంకో చివరకు తిప్పి చూశాడు, ఎక్కడా పట్టలేదు. చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో. కడుక్కోవడం అయిపోయాక కూడా కాసేపు కడుక్కున్నాడు. పాత ర్యాకుని తీసుకుని షట్టరు గీత దాటి వరండాలోకి వచ్చాడు. జవియా లేచి నిలబడింది, మొహం ఉపవాసానికి వాడి ఉంది, అయినా నవ్వుమొహమే. అతను ర్యాకుని ఆమె ముందు నేల మీద పెట్టి, తనూ గొంతుకూర్చున్నాడు, కిందనుంచే మాట్లాడ్డం అలవాటు.

"కాక్, మీ చేతులకేం కాలేదు," అన్నాడు.

"అంటే?"

"ఇది రెండేళ్ళ కింద మార్చాల్సింది. నాకు తెలుసు. మార్చకుండా ఈ నట్టు బిగించుకుంటూ వచ్చాను. బిగిస్తే మలుపులో పట్టేస్తుందని కూడా తెలుసు. గురువారం పట్టేసింది అందుకే. మీవల్ల కాదు. నావల్ల."

ఆమె ర్యాకు వైపు చూసింది, అర్థం కానట్టు. "ఖర్చవుతుందని ఆగారా? అడిగితే ఎలాగోలా తెచ్చేదాన్ని కదా."

"ఖర్చు గురించి కాదు."

"మరి?"

వీధిలో కూరగాయల బండి గంట కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగాడు. "మార్చేస్తే మీరు రారు," అన్నాడు. "నెలనెలా రావడానికి పనుండదు. అక్క పోయాక... మీరు వచ్చి కూర్చుంటే బాగుండేది. అంతే. ఇంకేం లేదు."

జవియా చేతులు మెల్లిగా పైకి లేచాయి, వాటిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది, గురువారంలాగే, కానీ గురువారం చూసినట్టు కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కిందికి రాలేదు. అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు, ఇన్నేళ్ళలో తన మీద అరిచే మనిషి కూడా లేకుండా పోయింది.

"ఆ మలుపులో," అంది, గొంతు మామూలుగానే ఉంది, "నేను దేవుణ్ణి తలుచుకోలేదు తౌకే. మిమ్మల్నే తలుచుకున్నాను. తౌకే చూశాడుగా, బండికేం కాదు అనుకున్నాను."

ఆమె కుర్చీ మీదున్న సంచీ తీసి భుజానికి వేసుకుంది. వ్యాను తలుపు తీసి, ఎక్కకుండా, తలుపు పట్టుకునే ఆగింది.

"ఊరికే రమ్మని ఒక్క మాటంటే రాకపోయేదాన్నా? ఎవరేమనుకుంటారోనంటే మా చెల్లెల్ని వెంటేసుకుని వచ్చేదాన్ని. ఆ ఇంట్లో మాత్రం నాతో మాట్లాడేదెవరు? నెల ఎప్పుడవుతుందా అని నేనూ చూసేదాన్ని." ఎక్కి కూర్చుంది. "ఇప్పుడింక రాలేను తౌకే. పిల్లలున్నారు."

"మార్కెట్టు వెనక మిషను షాపుంది," అన్నాడు అతను లేచి నిలబడి. "ఒకసారి అలైన్‌మెంట్ చూపించుకోండి. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో నేను దారం పట్టి చూస్తాను, వాళ్ళకు మిషనుంది. ఇక ఏమున్నా వాళ్ళకే చూపించండి. మంచివాళ్ళు." ఆమె తల ఊపింది. వ్యానుని వెనక్కి తీసి వీధిలోకి తిప్పింది, స్టీరింగు తేలిగ్గా తిరిగినందుకు ఆమె చేతులు ఒక్క క్షణం తడబడ్డాయి, తర్వాత నేర్చుకున్నాయి. టైము పన్నెండుకి పావు తక్కువ, బడికి సమయానికే అందుతుంది. అతను వరండాలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. వ్యాను వీధి చివర కనుమరుగైన తర్వాత, మన్నించమని ఆమెను అడగలేదని గుర్తొచ్చింది.